తొందరపడి గొంతెత్తకండి

ప్రశ్న: మా చర్చి క్వయర్ల ఇరవై మందిమి. సంగీతకర్త హాండెల్ రాసిన ‘జాడక్ ద ప్రీస్ట్’ పాట నేర్చుకుంటున్నం. మొదట చాలాసేపు వాయిద్యాలే మోగుతయి. మావాళ్లు ఆగలేక ముందే అందుకుంటున్నరు. ఏం చెయ్యాలె సార్?
– ఒక సోదరి, కాజీపేట

జవాబు: ఆ తొందర నాకూ ఉండేదమ్మా. చిన్నప్పుడు హనుమకొండల ఒక్కణ్నే ముందు అరిచిన. కీబోర్డు పెద్దాయన చేతులాపి, కళ్లద్దాల మీదికెళ్లి చూసిండు. ఆ చూపు ఇప్పటికీ యాదికుంది.

1727ల బ్రిటన్ రాజు రెండో జార్జ్ పట్టాభిషేకానికి హాండెల్ రాసిన నాలుగు ఆంథమ్‌లల్ల, అంటే క్వయర్ పాడే భక్తిగీతాలల్ల, ఇదొకటి. మాటలు బైబిల్‌ల రాజులు మొదటి గ్రంథంలనివే: యాజకుడు సాదోకు (ఇంగ్లీషుల జాడక్), నాతాను కలిసి సొలొమోనును అభిషేకించిన ఘట్టం. క్వయర్ అందుకునేది 23వ బారుల (బారంటే నాలుగు తాళం దెబ్బల ముక్క). అంతదాక తీగవాయిద్యాలు మెల్లగ మొదలై పొంగుకుంటొస్తయి. ఆ ఎదురుచూపే పాటకు ప్రాణం. బారుకు నాలుగు చొప్పున 88 దెబ్బలు, చప్పట్లు కొట్టుకుంట లెక్కపెట్టించు. 21వ బారు కాడ అందరూ ఊపిరి నింపుకోవాలె.

ఇంకోమాట. ఆయన గొంతులను ఏడు పాయలు చేసిండు. ఇరవై మందిని ఏడుగ చీలిస్తే పాయకు ముగ్గురు కూడా రారు. నాలుగు పాయలే చాలు, కీబోర్డు మిగతాది మోస్తది. ఆఖర్ల ‘ఆమెన్’ మీద గబగబ సాగే స్వరాల పరుగుల అందరూ ఒక్కసారే ఊపిరి తీయొద్దు, వంతులేసుకోండ్రి.