జిమ్ముకు ఫీజు కట్టేముందు ఒక మాట

బంగారుతల్లికి, పెద్దమ్మ ఆశీస్సులు.

షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టర్ అనగానే ఏడాది ఫీజు కట్టి జిమ్ములో చేరతానన్నావట. వద్దనను. కానీ భయంతో మొదలెట్టినవాళ్లు ఆ భయం కాస్త తగ్గగానే మానేస్తారు, చాలామందిని చూశాను.

నీది బద్ధకమని అల్లుడుగారు అంటున్నారట. ఇల్లూ ఆఫీసూ నెట్టుకొచ్చేదానికి బద్ధకమేమిటి, నా మొహం! నీకు లేనిదల్లా ‘ఇది నా వల్ల అవుతుంది’ అన్న నమ్మకం. ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లోనే రాశాడు: ఆ నమ్మకం అన్నిటికంటే ఎక్కువగా మనం స్వయంగా చేసి నెగ్గిన పని నుంచే వస్తుందని. కాబట్టి మొదట్లో నీకే నవ్వొచ్చేంత తక్కువ పెట్టుకో. రాత్రి భోజనాలయ్యాక గిన్నెలు సింకులో పడేసి, తడి చేతులు తుడుచుకుని, అట్నుంచటే చెప్పులేసుకుని సెల్లార్‌లో రెండు రౌండ్లు. ‘వీలున్నప్పుడు నడుస్తాలే’ అనుకుంటే ఆ వీలు ఎప్పటికీ రాదు. ఏ పని తర్వాత, ఎక్కడ అన్నది ముందే తేల్చేసుకుంటే రోజూ మనసుతో బేరాలాడే పనుండదు.

వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ అంకె చూసి బెంబేలెత్తకు. పది నిమిషాలకు తక్కువ నడిచినా లెక్కలోకే వస్తుందని 2020లో వాళ్లే చెప్పారు. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. వేగం అంత చాలు. మొదటిరోజే రొప్పుతూ పరుగెత్తావో, మర్నాడు చెప్పులు చూస్తేనే ఒళ్లు బరువెక్కుతుంది.

ఫోన్లో కనిపించే సన్నటి పిల్లలతో పోల్చుకోకు. నైటీ మీద చున్నీ వేసుకుని, మోకాలు పట్టుకుంటూ నడిచే మీ కింది ఫ్లాట్ ఆవిడ ఉందే, ఆవిడతో జత కట్టు. నీలాంటి మనిషి చేస్తుంటే చూడటం వేరు. పైగా ఎవరేమనుకుంటారో అన్న మొహమాటం ఇద్దరైతే సగం పోతుంది.

శ్రావణమాసంలో పేరంటాలకే సరిపోతుంది, కొన్ని రోజులు తప్పుతాయి. పోనీ. లండన్‌లో చేసిన ఒక అధ్యయనం 2010లో అచ్చయింది. అలవాటు కుదరడానికి 66 రోజులు అటూ ఇటూ పట్టింది. కొందరికి 18 చాలాయి, ఇంకొందరికి 254 దాకా తేలింది. మధ్యలో ఒకరోజు తప్పినందువల్ల పెద్ద తేడా ఏమీ రాలేదట.

అల్లుడుగారికి నా మాటగా చెప్పు, ‘నడిచావా, నడిచావా’ అని వెంటపడొద్దని. ఒకరి పోరు పడలేక నడిస్తే, వాళ్లు ఊరెళ్లిన రోజున నడక ఆగిపోతుంది. దానికి బదులు ఆ కాసేపు బాబు హోంవర్క్ ఆయన చూస్తే చాలు.

మీ పెద్దమ్మ