చిరంజీవి అని రాశాక

చిరంజీవి తమ్ముడికి,

అలవాటుగా ఈ మాట రాసేశాక నీ కథ గుర్తొచ్చి నవ్వొచ్చింది. గ్రీకు పురాణాల్లోని టిథోనస్‌ని తీసుకున్నావు, బాగుంది. కానీ 14 పేజీల్లో "అమరత్వం" అన్న మాట 26 సార్లు వచ్చింది (లెక్కపెట్టాను, కోప్పడకు), అతని ముసలితనం మాత్రం ఒక్క పేరాలో అయిపోయింది. కథంతా అక్కడే ఉంది కదయ్యా!

ప్రేమదేవత అఫ్రొడైటీ మీద ఉన్న ఆ పాత గ్రీకు స్తోత్రం ఇంకోసారి చదువు. ఉషోదేవత ఈయోస్ తన ట్రాయ్ ప్రియుడు టిథోనస్‌కి చావు వద్దని దేవతల రాజు జ్యూస్‌ని అడిగి, వయసు మళ్ళకూడదని అడగడం మర్చిపోతుంది. అతని తలలో, గడ్డంలో తెల్లవెంట్రుకలు కనబడగానే పడక దగ్గరికి రావడం మానేస్తుంది, అలాగని వదిలెయ్యదు, తిండి పెడుతుంది, దేవతల అంబ్రోసియా పెడుతుంది, మంచి బట్టలిస్తుంది. కాలూ చెయ్యీ కదపలేని రోజు వచ్చాక గదిలో ఉంచి తలుపులు మూసేస్తుంది. లోపల్నించి గొంతు మాత్రం ఆగకుండా వస్తూనే ఉంటుంది. కీచురాయిగా మారిపోయాడన్నది తర్వాతివాళ్ళ మాట. నువ్వు దాన్నే పట్టుకున్నావు. పురుగైపోతే చదివేవాడి టెన్షన్ తీరిపోతుంది, అందుకే నాకది నచ్చదు.

హిరణ్యకశిపుడితో పోలిక తీసెయ్. అతను లాయర్‌లా ఒక్కో షరతూ అడిగి రాయించుకున్నాడు, ఈవిడ ప్రేమ కంగారులో ఒక మాట వదిలేసింది.

పోలికే కావాలంటే హోమర్ కావ్యం ఒడిస్సీ ఐదో సర్గ చూడు. మొదటి వాక్యంలోనే ఈయోస్ టిథోనస్ పక్కలోంచి లేస్తుంది. అదే సర్గలో కాలిప్సో అనే దేవత, కథానాయకుడు ఒడిస్సియస్‌కి చావూ ముసలితనమూ రెండూ లేకుండా చేస్తానన్నానంటుంది. చూశావా, ఈవిడ ఏమీ మర్చిపోలేదు! అయినా అతనికి అక్కర్లేదు. నా భార్య పెనెలోపి అందంలో నీకు సాటిరాదు, ఆమె చనిపోయే మనిషే, కానీ ఇంటికే వెళ్తానంటాడు. ఏడేళ్ళు అక్కడున్నాక అన్న మాట అది.

గ్రీకు కవయిత్రి శాఫో ముసలితనం మీద రాసిన పద్యం కూడా చదువు, 2004లో కొలోన్ పపైరస్ (పాత రాతప్రతి ముక్కలు) ప్రచురించాక ఆ పద్యం చాలావరకు పూర్తయింది. జుట్టు నెరిసింది, ఒకప్పుడు లేడిపిల్లల్లా ఆడిన మోకాళ్ళు ఇప్పుడు మోయడం లేదు అని తన ఒంటి సంగతి చెప్పుకున్నాకే టిథోనస్ దగ్గరికి వెళ్తుంది. నువ్వేమో దేవతలుండే ఒలింపస్ కొండ మీద మొదలుపెట్టావు.

తిరగరాసి పంపు. ఆ తలుపు గడియ లోపలుందో బయటుందో కూడా రాయి.

అన్నయ్య