పాత వెబ్‌క్యామ్‌తో సిరలు చూపించొచ్చు

ప్రశ్న: చెన్నై అంబత్తూరులో బయోమెడికల్ డిప్లొమా పిల్లలకు పాఠాలు చెబుతాను. కాంతితో శరీరం లోపలికి ఎలా చూస్తారో బోర్డు మీద చెబితే వాళ్లకి ఎక్కడం లేదు, యంత్రాలు కొనే స్తోమత కాలేజీకి లేదు. ఏం చేయమంటారు?
– ఒక లెక్చరర్

జవాబు: మొదటి క్లాసుకి ఫోన్ చాలు మేడం. ఫ్లాష్ వేసి, దాన్నీ కెమెరానీ కలిపి వేలితో మూసి వీడియో తీయమనండి, తెరంతా ఎర్రగా నిండుతుంది, ఎందుకంటే హిమోగ్లోబిన్ ఆకుపచ్చ, నీలం కాంతిని బాగా పీల్చుకుని ఎరుపుని చాలావరకు వదిలేస్తుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ వెలుగు కాస్త మారుతుంది. ఆక్సీమీటర్‌కి కూడా ఇదే ఆధారం, అందులో 660, 940 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతులు రెండుంటాయి.

ఆ తర్వాత ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే రిచీ స్ట్రీట్‌కి వెళ్లి పాత వెబ్‌క్యామ్, నాలుగైదు 850 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనిపించని కాంతి) ఎల్ఈడీలు తెచ్చుకోండి. లెన్స్ వెనక ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే చిన్న గాజు ముక్క ఉంటుంది, అది తీసేసి ఫోకస్ మళ్లీ సరిచేస్తే, చీకటి గదిలో ఆ ఎల్ఈడీల వెలుగు పడిన చేతి మీద సిరలు నల్లగా కనిపిస్తాయి, వాటిలోని రక్తం ఆ కాంతిని పీల్చుకుంటుంది కాబట్టి. ఎల్ఈడీలోకి దగ్గర్నుంచి చూడనివ్వకండి, ఆ వెలుగు కంటికి తెలియదు.

అసలు పాఠం మాత్రం చైనా గ్రాస్‌లో (అగర్ అగర్) ఉంది, దాన్ని కండ అనుకోండి, అందులో పెట్టే గొట్టాన్ని సిర అనుకోండి! కాచి, పాలు కలిపి, సన్నటి గొట్టంలో ఇండియన్ ఇంక్ నింపి అందులో పెట్టి గడ్డకట్టించండి. మామూలు పెన్ను ఇంకు వద్దు, కార్బన్ లేని రంగులు చాలావరకు ఇన్‌ఫ్రారెడ్‌ని దాటనిస్తాయి. అదే కెమెరాతో చూస్తూ గొట్టం లోతు పెంచుతూ పోతే అంచులు ఎక్కడ మసకబారాయో పిల్లల్నే కొలిచి గ్రాఫ్ గీయమనండి, పాలలోని కొవ్వు బొట్లు కాంతిని చెదరగొట్టడం అప్పుడు వాళ్లకే తెలుస్తుంది.