ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో పని పెంచకు, చిన్నా

చిన్నా,

నీ టచ్‌స్క్రీన్ డ్రైవర్ చూశాను. ఇంటరప్ట్ (హార్డ్‌వేర్ సీపీయూని ఆపి పిలిచే పిలుపు) రాగానే నడిచే హ్యాండ్లర్‌లోనే ఐ2సీ రీడ్ (చిప్ నుంచి నెమ్మదైన వైర్ల మీద డేటా చదవడం) పెట్టేశావు, అందుకే లైనక్స్ "షెడ్యూలింగ్ వైల్ ఎటామిక్" అని, అంటే నిద్రపోకూడని చోట నిద్రపోబోయావని, గోల పెడుతోంది. ఐ2సీ రీడ్ అయ్యేదాకా నిద్రపోవాలి కదా, హ్యాండ్లర్ నిద్రపోకూడదు, ఎందుకంటే అది ఏ ప్రాసెస్ తరఫునా నడవదు, దాన్ని మళ్ళీ లేపి నడిపించడానికి షెడ్యూలర్ (సీపీయూ ఎవరికి ఇవ్వాలో నిర్ణయించే భాగం) చేతిలో ఏమీ ఉండదు.

హ్యాండ్లర్‌లో అత్యవసరమైనంత వరకే చేసి బయటికి రా, మిగతాది తర్వాత. ఆ "తర్వాత" ఎక్కడ అనేదే అసలు సంగతి. సాఫ్ట్‌ఐఆర్‌క్యూలు, అంటే ఇంటరప్ట్ తర్వాత చేసే పనులకు కెర్నల్‌లో ముందే ఉన్న ఏర్పాట్లు, పదే రకాలు, టైమర్, నెట్‌వర్క్ లాంటివి, డ్రైవర్లు కొత్తవి చేర్చవు. కానీ వాటి నడక తెలుసుకో: ఇంటరప్ట్ ముగించి వెళ్తూ కెర్నల్ పెండింగ్ పనులు చూస్తుంది, చేస్తుండగానే కొత్తవి వచ్చిపడితే మళ్ళీ ఓ చుట్టు తిరుగుతుంది, 10 చుట్లు గానీ 2 మిల్లీసెకన్లు గానీ దాటాయంటే మామూలు ప్రోగ్రాములకు సీపీయూ అందకుండా పోతుందని మిగిలినదాన్ని కేసాఫ్ట్‌ఐఆర్‌క్యూడీ థ్రెడ్‌కి అప్పగిస్తుంది. ప్రతి సీపీయూకీ అలాంటిది ఒకటి ఉంటుంది.

టాస్క్‌లెట్ (సాఫ్ట్‌ఐఆర్‌క్యూ మీద నడిచే చిన్న పని) జోలికి వెళ్ళకు. అందులోనూ నిద్రపోకూడదు, పైగా దాని స్థానంలోకి 2024లో 6.9 కెర్నల్‌తో బీహెచ్ వర్క్‌క్యూలు (సాఫ్ట్‌ఐఆర్‌క్యూలోనే నడిచే పనుల వరసలు) వచ్చాయి. నీకు సరిపోయేది థ్రెడెడ్ ఇంటరప్ట్, అంటే మిగతా పనిని నిద్రపోగలిగే సొంత థ్రెడ్‌లో చేయడం, 2009 నుంచీ ఉంది. వన్‌షాట్ ఫ్లాగ్ (థ్రెడ్ ముగిసేదాకా ఆ ఇంటరప్ట్‌ని మూసి ఉంచేది) మర్చిపోకు, లెవెల్ ఇంటరప్ట్ (కారణం తీరేదాకా పిలుస్తూనే ఉండేది) అయితే నీ థ్రెడ్ డేటా చదివేలోపే అది మళ్ళీ మళ్ళీ వచ్చి సీపీయూని ఊపిరి తీసుకోనివ్వదు.

మామూలు వర్క్‌క్యూ (పనుల్ని కెర్నల్ థ్రెడ్‌లకు అప్పగించే వరస) కూడా మంచిదే, మ్యూటెక్స్ (ఒకసారికి ఒకరికే దొరికే తాళం) పట్టుకోవచ్చు, నిద్రపోవచ్చు. అయితే పెండింగ్‌లో ఉన్న వర్క్‌ని మళ్ళీ క్యూలో పెట్టినా ఒక్కసారే నడుస్తుంది, కాబట్టి ఇంటరప్ట్‌ల లెక్క దాని మీద వదిలేయకు, నీ బఫర్‌లో దాచుకో.

ఇక రిమూవ్ ఫంక్షన్, డ్రైవర్‌ని తీసేసేటప్పుడు నడిచేది. నేను ఒకప్పుడు ముందు వర్క్ క్యాన్సిల్ చేసి, తర్వాత ఐఆర్‌క్యూ (ఇంటరప్ట్ లైన్) వదిలాను. ఆ సందులో ఒక ఇంటరప్ట్ వచ్చి వర్క్‌ని మళ్ళీ క్యూలో పెట్టింది, అది ఫ్రీ చేసిన మెమరీని ముట్టుకుంది. ఎప్పుడో ఒకసారి మాత్రమే పడిపోయేది, పట్టుకోవడానికి నాకు వారం పట్టింది. ముందు ఐఆర్‌క్యూ వదులు, తర్వాత క్యాన్సిల్ వర్క్ సింక్ (వర్క్ నడుస్తుంటే ముగిసేదాకా ఆగేది), ఆ తర్వాతే మెమరీ ఫ్రీ. ఐఆర్‌క్యూని వదిలే పని కెర్నల్‌కే అప్పగించే డెవ్ఎం రకం రిక్వెస్ట్ వాడితే ఇంకా జాగ్రత్త, అది ఐఆర్‌క్యూని వదిలేది నీ రిమూవ్ పూర్తయ్యాకే.

ప్యాచ్ మార్చి పంపు, రిమూవ్ ఫంక్షనే ముందు చదువుతాను.

బాబాయ్