టెక్ సందేహాలు: 100కె తీసి 10కె వేస్తే బేస్ ఎటు పోయింది?

ప్రశ్న: తిరుపతిలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. 9 వోల్టుల బ్యాటరీతో నడిచే, సీమాయ్ (CMoy) అనే జేబు సైజు హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ చేశాను. ఓపీఏ2134 ఐసీ దొరక్క ఎన్‌ఈ5532 పెట్టాను. అవుట్‌పుట్‌లో 0.2 వోల్టుల డీసీ (పాట లేకున్నా ఉండిపోయే స్థిర వోల్టేజీ) కనిపించింది. ఎవరో చెబితే ఇన్‌పుట్ దగ్గరి 100కె (కిలో ఓమ్‌ల) రెసిస్టర్లు రెండూ తీసి 10కె వేశాను. డీసీ తగ్గింది, పాటలో బేస్ (లోతైన శబ్దం) పోయింది. ఇప్పుడు ఇన్‌పుట్‌లోని 104 అని రాసి ఉన్న కెపాసిటర్లు తీసి 10 మైక్రోఫ్యారడ్ ఎలక్ట్రోలైటిక్‌లు వేయమంటున్నారు. వేయవచ్చా?

జవాబు: ఎలక్ట్రోలైటిక్ వద్దు. రెసిస్టర్ మార్చడం తప్పేమీ కాదు. కెపాసిటర్‌ను పాతదే ఉంచడంతోనే చిక్కొచ్చింది.

ముందు ఆ డీసీ సంగతి. ఎన్‌ఈ5532 ఇన్‌పుట్ కాలు పని చేయడానికి సుమారు 200 నానోఆంపియర్ల కరెంటు లాగుతుంది. అది 100కె గుండా వెళితే 20 మిల్లీవోల్టులు ఏర్పడతాయి. మీ సర్క్యూట్‌లో ఫీడ్‌బ్యాక్‌కు (అవుట్‌పుట్ నుంచి వెనక్కి వచ్చే దారికి) 10కె, 1కె ఉంటే గెయిన్, అంటే సిగ్నల్‌ను పెంచే రెట్లు, 11. అంటే అవుట్‌పుట్‌లో 220 మిల్లీవోల్టులు. మీరు చూసిన 0.2 వోల్టులు అవే. 32 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌లో అది దాదాపు 7 మిల్లీఆంపియర్లు ఆగకుండా పారినట్టు. ఓపీఏ2134 ఇన్‌పుట్‌లో ఉన్నవి ఫెట్ రకం ట్రాన్సిస్టర్లు. అది లాగేది పికోఆంపియర్లలోనే, కాబట్టి దాని కోసం గీసిన సర్క్యూట్‌లో 100కె నిశ్చింతగా కూర్చుంటుంది.

ఇక బేస్. ఇన్‌పుట్ కెపాసిటర్, దాని తర్వాత గ్రౌండ్‌కు పోయే రెసిస్టర్ కలిసి ఒక ఫిల్టర్. 159ని కిలో ఓమ్‌లు, మైక్రోఫ్యారడ్‌ల లబ్ధంతో భాగిస్తే ఎక్కడి నుంచి కిందికి శబ్దం కోతపడుతుందో హెర్ట్జ్‌లలో వస్తుంది. 104 అంటే 0.1 మైక్రోఫ్యారడ్. 100కెతో 15.9 హెర్ట్జ్, ఇబ్బంది లేదు. 10కెతో అదే 159 హెర్ట్జ్! 50 హెర్ట్జ్ దగ్గర 10 డెసిబెల్స్‌కు పైగా పోతుంది. డప్పు దరువు వినిపిస్తుంది గానీ బరువు ఉండదు.

కాబట్టి 10కె ఉంచుకుంటే కెపాసిటర్ కనీసం 1 మైక్రోఫ్యారడ్ కావాలి. 2.2 అయితే 7 హెర్ట్జ్ దాకా దిగుతుంది, హాయి. 63 వోల్టుల బాక్స్ టైప్ పాలియెస్టర్ రకం తీసుకోండి. మీద 105 అని ఉంటే 1, 225 అని ఉంటే 2.2. చవక డిస్క్ సెరామిక్‌లు వద్దు. వాటిలో కొన్ని రకాల విలువ రాసినదాని కంటే 20 శాతం తక్కువ నుంచి 80 శాతం ఎక్కువ దాకా ఎక్కడైనా ఉండవచ్చు, ఎడమ కుడి చెవుల్లో బేస్ తేడా కొడుతుంది. ఎలక్ట్రోలైటిక్‌కు లీకేజీ, ధ్రువాల తలనొప్పి. బాక్స్ టైప్‌తో పని జరిగిపోతుంటే దాని జోలికెందుకు?

అన్నీ మార్చినా ఎన్‌ఈ5532తో 22 మిల్లీవోల్టుల డీసీ మిగులుతుంది. ఫీడ్‌బ్యాక్‌లోని 10కె స్థానంలో 4.7కె వేయండి. గెయిన్ 5.7కు దిగి, డీసీ కూడా 11 మిల్లీవోల్టుల దగ్గరికి వస్తుంది. ఫోన్ నుంచి వినేవాళ్లకు 11 రెట్ల గెయిన్ ఎలాగూ ఎక్కువే, వాల్యూమ్ నాబ్ కాస్త కదిలిస్తే చెవులు చిల్లులు పడతాయి.

నన్నడిగితే మాత్రం ఓపీఏ2134 తెచ్చుకుని పాత 100కె, 104లనే తిరిగి వేయడం మేలు. రైలెక్కితే చెన్నైలోని ఎలక్ట్రానిక్ విడిభాగాల బజారు రిచీ స్ట్రీట్‌కు వెళ్లి రావచ్చు. అయితే ఈ ఐసీలో నకిలీలు బాగా తిరుగుతున్నాయి. మరీ చౌకగా ఇస్తున్నారంటే అనుమానించండి.

ఐసీని సాకెట్‌లోంచి తీశాకే సోల్డరింగ్ చేయండి. తర్వాత ఇయర్‌ఫోన్ పెట్టకుండా, ఇన్‌పుట్‌ను గ్రౌండ్‌కు కలిపి, మీటర్‌ను హెడ్‌ఫోన్ జాక్ కొనకూ, దాని గ్రౌండ్ పట్టీకీ మధ్య పెట్టి చూడండి. బ్యాటరీ మైనస్‌కు పెడితే 4.5 వోల్టులు చూపించి మిమ్మల్ని బెదరగొడుతుంది. ఇక్కడ గ్రౌండ్ అంటే బ్యాటరీ మధ్యలో కృత్రిమంగా చేసుకున్నది. రెండు చెవులకూ విడివిడిగా చూసి, 20 మిల్లీవోల్టులు దాటితే ఇయర్‌ఫోన్ గుచ్చకండి.

ప్రశ్న: చిత్తూరు నుంచి. నేను చేసిన యాంప్లిఫయర్ వాల్యూమ్ నాబ్ పట్టుకుంటే గుయ్‌మంటుంది, పక్కన ఫోన్ మోగితే టకటకమంటుంది.

జవాబు: రెండూ వేర్వేరు జబ్బులు. మొదటిది వాల్యూమ్ కంట్రోల్ ఇనుప ఒంటిని గ్రౌండ్‌కు కలపకపోవడం వల్ల. ఒంటి మీద కొంచెం గీకి ఒక వైరు సోల్డర్ చేస్తే సరి. టకటకకు, ఐసీ ఇన్‌పుట్ కాళ్లైన 3, 5లకు వెళ్లే దారిలో 1కె చొప్పున వేసి, కాలు పక్కనే 220 పికోఫ్యారడ్ సెరామిక్ గ్రౌండ్‌కు కలపండి. దీని కోత 700 కిలోహెర్ట్జ్ పైన మొదలవుతుంది కనుక పాటకు దెబ్బ లేదు. ఇక్కడ సెరామిక్ వాడవచ్చు, విలువ నిలకడగా ఉండే సీ0జీ రకమైతే మంచిది. కాలికి దూరంగా పెడితే మిగిలిన తీగ ముక్కే యాంటెన్నా అవుతుంది.