ఫ్లోరిడా విల్లా: ఇంట్లో ఉండిపోయేవాళ్ళని చూసి తీసుకో

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మడికి,

పెద్దమ్మ ఆశీస్సులు. జూన్ చివర్లో నలుగురు పెద్దవాళ్ళు, మీ రెండు జంటలు, నలుగురు పిల్లలు కలిసి ఓర్లాండో వెళ్తున్నారని, హోటల్ కాకుండా పక్కనే ఉన్న కిసిమీలో విల్లా తీసుకుందామనుకుంటున్నారని రాశావు. మంచి పని చేస్తున్నారు. పన్నెండు మందికి హోటల్ అంటే నాలుగు గదులు కావాలి, నాలుగింట్లోనూ పొయ్యి ఉండదు. మీ మామగారికి తెల్లవారే ఫిల్టర్ కాఫీ, మీ నాన్నకి రాత్రి పెరుగన్నం లేకుండా ఆరు రోజులు గడవడం కష్టమే.

అయితే నువ్వు పంపిన మూడు ఇళ్ళూ పిల్లల కోసం ఎంచినవే. బొమ్మల గదులు, గ్యారేజీలో ఆటల గది, కొలనుకి జారుడుబల్ల. పిల్లలు పగలంతా డిస్నీ లాంటి వినోద పార్కుల్లోనే ఉంటారమ్మా. ఆ ఇంట్లో గంటల తరబడి ఉండేది మా చెల్లెలు, మీ నాన్న, మీ అత్తమామలు, ఆ రెండేళ్ళ చంటివాడు. ఇల్లు వాళ్ళకి సరిపోతుందా అన్నదే ముందు చూడు.

కింది అంతస్తులో పడకగది ఉందని రాస్తే సరిపోదు. దానికి ఆనుకుని స్నానాల గది ఉందా, అందులో నేరుగా నడిచి వెళ్ళే షవరా, తొట్టా అని అడుగు. తొట్టి అంచు అడుగు పైనే ఎత్తుంటుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు తడికాళ్ళతో దాన్ని దాటడమే ప్రమాదం. మీకు ఇద్దరు పెద్ద దంపతులు కాబట్టి కింద అలాంటి గదులు రెండు కావాలి. ఆరు పడకగదుల ఇళ్ళలో అవి దొరుకుతాయి, వెతకాలంతే. పదహారు మంది పడుకోవచ్చు అని రాస్తే అందులో హాల్లో సోఫా మంచం, పిల్లల అంతస్తుల మంచాలు కూడా లెక్కే. మంచాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకో. అంతస్తుల మంచం పై భాగంలో ఆరేళ్ళ లోపు పిల్లల్ని పడుకోబెట్టకూడదు.

ఎక్కడ తీసుకోవాలంటావా? 192 రోడ్డుకి దగ్గరగా, డిస్నీ వైపు. అదే డబ్బుకి డావెన్‌పోర్ట్ వైపు ఇంకో గది ఎక్కువున్న ఇల్లు వస్తుంది, కానీ రోజూ ఐ-4 హైవే మీద పొద్దునా సాయంత్రం ఆ రద్దీలో కూర్చోవాలి. మధ్యాహ్నం చంటివాణ్ణి, పెద్దవాళ్ళని ఇంటికి దింపి మళ్ళీ వెళ్ళాలంటే దగ్గరి ఇల్లే నయం. నా మాట విని ఒక గది తగ్గినా దగ్గర తీసుకో.

ధర చూసేటప్పుడు రాత్రికి ఇంత అన్నది చూడకు. చివరి మొత్తం చూడు. కిసిమీ ఉన్న ఓసియోలా కౌంటీలో అమ్మకపు పన్ను, పర్యాటక పన్ను కలిపి 13.5 శాతం. దాని మీద శుభ్రం చేసే రుసుము, రిసార్టు రుసుము, డిపాజిట్టు. కొలను వేడి చేయడానికి విడిగా అడుగుతారు, జూన్‌లో మీకది అక్కర్లేదు, వద్దని చెప్పు. ఇంటికి రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు నంబరు ఉంటుంది, అది అడిగి ఆ లైసెన్సులిచ్చే రాష్ట్ర శాఖ డీబీపీఆర్ వారి వెబ్‌సైటులో సరిచూసుకో. బుకింగ్ సంస్థని దాటేసి, నేరుగా జెల్ (Zelle) అనే డబ్బు పంపే యాప్‌లో పంపితే తగ్గిస్తామన్నవాళ్ళకి ఒక్క డాలరు కూడా పంపవద్దు. అలా వెళ్ళిన డబ్బు వెనక్కి రాదు.

ఇక కొలను. ఈ ఉత్తరంలో మిగతా అంతా మర్చిపోయినా ఇది మర్చిపోకు. అమెరికాలో ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల మరణాలకి మొదటి కారణం నీళ్ళలో మునగడమే. అదీ ఎక్కువగా ఈతకి దిగినప్పుడు కాదు, ఎవరూ చూడనప్పుడు తలుపు తీసుకుని వెళ్ళిపోయినప్పుడు. విల్లాలో కొలను వంటింటికి పది అడుగుల్లో ఉంటుంది, మధ్యలో ఒక జారే అద్దం తలుపు. 2000 అక్టోబరు తర్వాత ఇళ్ళలో కట్టిన కొలనులకి ఫ్లోరిడా చట్టం కొన్ని రక్షణలు పెట్టింది. కనీసం నాలుగడుగుల కంచె గానీ, కొలను మీద మూత గానీ, తలుపు తీస్తే 85 డెసిబెల్స్ మోత మోగే అలారం గానీ, తనంతట తానే మూసుకుని కనీసం 54 అంగుళాల ఎత్తున గడియ పడే తలుపు గానీ, ఇలాంటివాటిలో ఏదో ఒకటి ఉండాలి. ఒక్కటుంటే చట్టానికి చాలు, మీకు చాలదు. తీసి పెట్టుకునే వల కంచె ఉన్న ఇల్లే తీసుకో. అది గోడ దగ్గర చుట్టి పెట్టి ఉంటే, మీరు వెళ్ళేసరికి బిగించి ఉంచమని ముందే రాయించు.

అలారం ఎందుకు పనిచేయదో తెలుసా? పెద్దవాళ్ళు బట్టలు ఆరేయడానికి పదిసార్లు తలుపు తీస్తారు, మోత భరించలేక ఎవరో బ్యాటరీ తీసేస్తారు. పెద్దవాళ్ళు వెళ్ళేటప్పుడు నొక్కే బొత్తాం దాని మీదే, పిల్లలకి అందని ఎత్తులో ఉంటుంది. అది కొన్ని క్షణాలు మోత ఆపుతుంది. దిగిన మొదటి గంటలోనే మీ అత్తగారికీ, అమ్మకీ అది చూపించు. పిల్లలు నీళ్ళలో ఉన్నప్పుడు ఒక్కరి పేరు చెప్పి కాపలా పెట్టు, ఇరవై నిమిషాలకొకసారి మనిషి మారాలి, ఆ ఇరవై నిమిషాలూ ఫోను ఇంట్లోనే. ఆటయ్యాక బంతులు, బొమ్మలు నీళ్ళలో వదలకండి, చంటివాడు వాటి కోసమే వెళ్తాడు. తలకి నూనె పెట్టుకుని, చీరలతో, నూలు బట్టలతో దిగవద్దని మర్యాదగానే చెప్పు. నూనె, దారాలు ఫిల్టరుని పట్టేస్తాయి, రెండో రోజుకి నీళ్ళు మసకబారతాయి.

జూన్‌లో అక్కడ మధ్యాహ్నం రెండు దాటితే ఉరుములు ఖాయమనుకో. అటు అట్లాంటిక్ గాలి, ఇటు మెక్సికో గల్ఫ్ గాలి రాష్ట్రం మధ్యలో వచ్చి కలుసుకుంటాయి, వేడి గాలి పైకి లేచి మేఘం కడుతుంది. ఉరుము వినపడగానే కొలనులోంచి అందరూ బయటికి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్ళీ దిగవద్దు. ఈత పొద్దున పదకొండు లోపు పెట్టుకోండి. కాలనీలో చెరువు ఉంటే చూడటానికి బాగుంటుంది, అందులో మొసలి ఉందనే అనుకోవాలి. సాయంత్రం చీకటి పడే వేళ మీ మామగారు వాకింగ్ చెరువు గట్టు మీద కాకుండా రోడ్డు మీద చేయాలి. అన్నం మెతుకులు, రొట్టె ముక్కలు నీళ్ళలో వేయనివ్వకు. మొసళ్ళకి మేత వేయడం అక్కడ నేరం.

వంటింటి సంగతి. ఇండియా నుంచి మీ అత్తగారు మిక్సీ తెస్తానంటే వద్దను. మనది 230 వోల్టులు, అక్కడ 120. ఇడ్లీ పిండి ఓర్లాండోలో ఆరెంజ్ బ్లాసమ్ ట్రైల్ మీద ఉన్న ఇండియన్ కొట్లలో కొనండి. కొబ్బరి పచ్చడి, అల్లం పచ్చడి ఇంటి దగ్గరే చేసి గడ్డకట్టించి తీసుకెళ్ళవచ్చు. పొయ్యి చాలా ఇళ్ళలో అద్దం పలకది. గుండ్రటి అడుగున్న మూకుడు దాని మీద నిలవదు, కాగదు. చదును అడుగున్న ఐదు లీటర్ల కుక్కరు, వెడల్పు గిన్నె, పోపు గరిటెకి బదులు చిన్న పాన్ తీసుకెళ్ళు. ఆ పొయ్యి ఆపేశాక కూడా చాలాసేపు కాలుతూనే ఉంటుంది, అందుకే పోపు మాడుతుంది. ఆవాలు చిటపటలాడటం మొదలవగానే గిన్నె పక్కకి తీసి, ఆ వేడిలోనే ఎండుమిర్చి, ఇంగువ వేయమను. పొయ్యి మీది ఫ్యాను చాలా ఇళ్ళలో పొగని బయటికి పంపదు, జల్లెడలోంచి మళ్ళీ వంటింట్లోకే వదులుతుంది. మిరపకాయ పొగకి స్మోక్ అలారం మోగేది అందుకే. మోగితే కిటికీ తీయండి, తువ్వాలుతో గాలి విసరండి, అలారం మాత్రం ఊడదీయకండి.

సింకు అడుగున తిండి వ్యర్థాలని నలిపే మర (గార్బేజ్ డిస్పోజల్) ఉంటుంది. అందులోకి అన్నం, చింతపండు పిప్పి, కరివేపాకు రెమ్మలు, కొబ్బరి పీచు పోనివ్వద్దు. అన్నం గొట్టంలో ఉబ్బుతుంది, పీచు పళ్ళకి చుట్టుకుంటుంది. మర ఆగిపోతే స్విచ్ కట్టేసి, అడుగున ఉన్న రంధ్రంలో పావు అంగుళం ఆరు పలకల తాళంచెవి (అలెన్ కీ) పెట్టి అటూ ఇటూ తిప్పి, పక్కనున్న ఎర్ర బొత్తాం నొక్కితే చాలాసార్లు కదులుతుంది. లోపల చెయ్యి మాత్రం పెట్టకూడదు. గిన్నెలు తోమే మెషీన్‌లో దాని గుళికలే వేయాలి. సింకు సబ్బు పోస్తే వంటిల్లంతా నురగ. తెల్ల గట్టు మీద పసుపు పడితే మరక పోదు, డిపాజిట్టులో కోస్తారు. పోపు చేసే చోట పాత పేపరు పరిచేయి.

సామాన్లు మరీ ఎక్కువ మోయకు. మీ అందరికీ రాత్రి ఒక పూటకి కిలో లోపు బియ్యం పడతాయి. 20 పౌన్ల సంచీ ఒకటి, అంటే 9 కిలోలు, ఆరు రాత్రులకీ మధ్యాహ్నం కట్టుకెళ్ళే పులిహోరకీ వస్తుంది. పాలు రోజుకొక గ్యాలను, పెరుగు 32 ఔన్సుల డబ్బాలు రోజుకి రెండు. ఇంట్లో వాళ్ళు పెట్టే టాయిలెట్ పేపరు, చెత్త సంచులు, సబ్బు గుళికలు మొదటి రోజుకే సరిపోతాయి, దిగిన సాయంత్రమే కొనెయ్యండి.

స్నానాల గదులకి చెంబులు, మగ్గులు తీసుకెళ్ళు, అక్కడ ఉండవు. పెద్దవాళ్ళకి ఇంకొకటి గట్టిగా చెప్పాలి. అక్కడ తొట్టి బయట నేలకి నీళ్ళు పోయే తూము లేదు. మేడ మీద మగ్గుతో బయట నీళ్ళు పోసుకుంటే కింది గది కప్పు నుంచి కారుతుంది. తెర కొసని తొట్టి లోపలికి వేసుకోవాలి. నూనెకి, తల రంగుకి ముదురు రంగు పాత తువ్వాళ్ళు మీవే నాలుగు పెట్టు.

ఏసీ 75 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంచండి. 65కి తగ్గించి కొలను తలుపు తెరిచిపెడితే బయటి తేమంతా లోపలికి వచ్చి చల్లని గొట్టాల మీద మంచు కడుతుంది, అర్ధరాత్రి గాలి ఆగిపోతుంది. అలా అయితే చల్లదనం కట్టేసి ఫ్యాను ఒక్కటే మూడు నాలుగు గంటలు తిప్పాలి. మేడకి, కిందికి వేరువేరు మీటలుంటాయి, రెండూ చూడు.

పార్కులకి ఆరు రోజుల్లో మూడు రోజులే పెట్టుకో, మధ్యలో రోజు విడిచి రోజు. డిస్నీ వారి మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కుకి కారు దిగాక మళ్ళీ మోనోరైలో, పడవో ఎక్కాలి. ఇరవై నిమిషాల దూరానికి గంట పైన అనుకో. చంటివాడికి మూడేళ్ళు నిండలేదు కాబట్టి టికెట్ లేదు. పెద్ద రైడ్ల దగ్గర రైడర్ స్విచ్ అడిగితే ఒకరు చంటివాడితో ఉండి, తర్వాత మళ్ళీ వరుసలో నిలబడకుండా వెళ్ళవచ్చు. తిండి లోపలికి తీసుకెళ్ళనిస్తారు, గాజు సీసాలు, విడి ఐసు ముక్కలు తప్ప. పెరుగన్నం డబ్బాల పక్కన జెల్ ఐసు పెట్టు.

చేరిన రోజు సామాను దించే ముందు ఫోనుతో ఇల్లంతా వీడియో తియ్యి. పరుపుల అంచుల్లో నల్లుల మచ్చలు, కుళాయిలు, ఫ్లష్‌లు, కొలను అలారం చూసి, లోపముంటే వెంటనే రాతపూర్వకంగా పంపు. ఇంటి చిరునామా, కాలనీ గేటు కోడ్, పెద్దవాళ్ళ మందుల పేర్లు, ట్రావెల్ ఇన్సూరెన్స్ నంబరు ఒక కాగితం మీద తెలుగులోనూ ఇంగ్లిషులోనూ రాసి ఫ్రిజ్ మీద అంటించు. అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోను చేసే అవసరం వచ్చి, ఇంట్లో ఉన్నది మీ నాన్న ఒక్కరే అయితే ఆయన చదివి చెప్పగలగాలి. కారు రోడ్డు పక్కన రాత్రి వదలకండి, చాలా కాలనీల్లో లాక్కుపోతారు. పన్నెండు మందికి రెండు బండ్లు కావాలి కాబట్టి వాకిట్లో రెండు పడతాయా అని ముందే అడుగు.

ఇల్లు ఖాయం చేసే ముందు కింది అంతస్తు ప్లాను, కింది స్నానాల గదుల ఫొటోలు, కొలను కంచె బిగించిన ఫొటో తెప్పించి నాకు పంపు. శనివారం లోగా పంపితే ఆదివారం పొద్దున కూర్చుని చూసి ఫోను చేస్తాను.

ప్రేమతో,
పెద్దమ్మ