అక్టోబరులో తాళంచెవి చేతికొస్తే

చి.ల.సౌ. మాధవికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీకు అలాట్‌మెంట్, అదే కూరగాయలు పండించుకోడానికి ఊరి కౌన్సిల్ అద్దెకిచ్చే నేల, వచ్చిందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. కౌన్సిల్ జాబితాలో పేరు రాయించుకుని ఏళ్లతరబడి ఎదురుచూసేవాళ్లున్నారు ఈ ఇంగ్లండులో, అదృష్టవంతురాలివి. చాలా ఊళ్లలో అద్దె సంవత్సరం అక్టోబరుతో మొదలవుతుంది కాబట్టి కొత్తవాళ్లకు గేటు తాళంచెవి సరిగ్గా ఆకులు రాలేవేళకే అందుతుంది. ‘చలికాలం వచ్చేస్తోంది, ఇంకేం పండుతుంది, మార్చిలో చూసుకోవచ్చులే’ అని నలుగురూ అంటారు. వినకు. మార్చిలో నీ చేతికొచ్చేది మడా, కలుపు బీడా అన్నది ఈ రెండు నెలల్లోనే తేలిపోతుంది.

పూర్తి అలాట్‌మెంట్ అంటే ఇక్కడి పాత లెక్కలో 10 రాడ్‌లు, సుమారు 250 చదరపు మీటర్లు. మన లెక్కలో ఆరుంబావు సెంట్లు. నీకిచ్చింది సగమట, అంటే మూడు సెంట్ల పైచిలుకు. కాగితం మీద చిన్నదే. మన మిడ్‌లాండ్స్ ప్రాంతపు బంకమట్టిలో పార దించాక దాని అసలు పొడుగు తెలుస్తుంది. అందుకని మొత్తం ఒకేసారి తవ్వే ఆలోచన పెట్టుకోకు. మూడోవంతు తవ్వు, మిగతాది కప్పెయ్యి.

మీ ఆయన తవ్వే యంత్రం అద్దెకు తెస్తానంటున్నాడట. ఆ ఉత్సాహానికి సంతోషమే గానీ యంత్రం మాత్రం వద్దని చెప్పు. ఏళ్లతరబడి వదిలేసిన నేలలో మన గరికలాంటి గడ్డి, తెల్లటి వేళ్లతో అల్లుకునే బైండ్‌వీడ్ తీగ తప్పకుండా ఉంటాయి. యంత్రం ఆ వేళ్లను ముక్కలు చేస్తుంది, ప్రతి ముక్కా ఒక మొక్కై లేస్తుంది. పైకి దున్నిన పొలంలా ముచ్చటగా కనిపిస్తుంది, ఏప్రిల్లో చూడాలి దాని సంగతి. తోటపని ఫోర్కుతో, అంటే పళ్లున్న పారతో, మట్టిని పైకెత్తి, వేరును తెగకుండా చేత్తో లాగాలి. ఆ వేళ్లను ఎరువు కుప్పలో వెయ్యకు. మట్టి చెప్పులకు ముద్దలుగా అంటుకుంటున్న రోజున అసలు లోపల అడుగే పెట్టకు. తడి బంకమట్టిని తొక్కితే ఇటుకే. ఇక పెళ్లలు పగలగొట్టే పని నీది కాదు. తవ్విన పెళ్లల్ని అలాగే వదిలేస్తే చలికి లోపలి నీరు గడ్డకట్టి, కరిగి, మట్టి తనంతట తనే పొడిపొడిగా రాలుతుంది.

కప్పడానికి పెద్ద అట్టపెట్టెలు మంచివి. వాటి టేపు ఊడబీకి, అంచులు ఒకదానిమీద ఒకటి పడేలా పరిచి, తడిపి, పైన పశువుల ఎరువో కంపోస్టో వెయ్యి. పాత కార్పెట్లు మాత్రం పరచకు, చాలా చోట్ల నిషేధం. గుర్రపు ఎరువు ఉచితంగా తోలుతామని ఎవరైనా వస్తే, ఆ గుర్రాలు తిన్న గడ్డికి కలుపుమందు కొట్టారా అని అడుగు. కొన్ని మందులు గుర్రం పొట్టలోంచి బయటికొచ్చాక కూడా పేడలో మిగిలే ఉంటాయి. టమాటా, చిక్కుడు మొక్కలకు ఆకులు ముడుచుకుపోతాయి. అనుమానముంటే ఆ ఎరువు ఒక కుండీలో నింపి నాలుగు చిక్కుడు గింజలు నాటి చూడు, మొలకలే చెబుతాయి.

ఇప్పుడు ఆ మూడోవంతులో ఏం వెయ్యాలి? మొదట వెల్లుల్లి. మన వంటింటికి ఇంతకంటే అక్కరకొచ్చే పంట లేదు, పైగా పని తక్కువ. అక్టోబరు, నవంబరుల్లో నాటితే జూన్ చివరో జూలైలోనో తియ్యొచ్చు. దీనికి చలి తప్పనిసరి. కొన్ని వారాలు బాగా చల్లటి నేలలో ఉంటేనే గడ్డ రెబ్బలుగా విడుతుంది, లేకపోతే చిన్న ఉల్లిపాయలా ఒంటి గుండుగా మిగులుతుంది. దుకాణంలో కూరకు అమ్మే పాయలు నాటకు, అవి ఏ వెచ్చటి దేశం రకమో, ఏ తెగులు మోసుకొచ్చాయో తెలియదు. విత్తనపు పాయలు విడిగా అమ్ముతారు, ‘సోలెంట్ వైట్’ ఇక్కడి వాతావరణానికి సరిపోయే రకం. పాయను నాటే రోజునే విడదియ్యి, పొట్టు ఒలవకు. లావుపాటి రెబ్బలు మడికి, సన్నవి పోపుకి. మొన పైకి, మొద్దు కిందికి ఉండేలా, మొన మీద రెండు మూడు సెంటీమీటర్ల మట్టి ఉండేలా పెట్టు. రెబ్బకూ రెబ్బకూ జానెడు కంటే కొంచెం తక్కువ, వరుసకూ వరుసకూ అడుగు. పిట్టలు పైకి లాగేస్తుంటాయి, వేళ్లు పట్టేదాకా వల కప్పు.

నాటేముందు పక్క ప్లాటువాళ్లను ఒక్క మాట అడుగు: ఈ నేలలో ఉల్లికి తెల్లకుళ్లు ఉందా అని. ఉంటే ఆ చోట ఉల్లి, వెల్లుల్లి జోలికే పోకు. ఆ తెగులు ఏళ్లతరబడి మట్టిలోనే దాగి ఉంటుంది.

రెండోది బ్రాడ్ బీన్స్, లావు గింజల చిక్కుడులాంటిది, అందులో ‘అక్వాడల్స్ క్లాడియా’ రకం. చలికి తట్టుకుంటుంది. రెండంగుళాల లోతున, జానెడు దూరాన గింజలు నాటు. ఎలుకలు తవ్వుకుపోతాయి కాబట్టి నాలుగు ఎక్కువ వెయ్యి. మే చివరికి కాయలొస్తాయి. లేత గింజలు వంకాయతో కలిపి వండితే మన చిక్కుడుగింజల కూర లేని లోటు తీరిపోతుంది.

గోంగూర మాట నువ్వు అడుగుతావని తెలుసు. ఇప్పుడు కుదరదు. దానికి ఎండ కావాలి, మంచు తగిలిన రాత్రికే చచ్చిపోతుంది. జూన్‌లో గ్రీన్‌హౌస్‌లో చూసుకుందాం. అప్పటిదాకా మెంతికూర, కొత్తిమీర కిటికీ దగ్గర కుండీల్లో పెంచుకో. నీకు కావలసింది పప్పులోకి పులుపే అయితే పుల్లటి కాడలుండే రూబార్బ్ మొక్క ఉంది. కాడలు తరిగి కందిపప్పులో వేసి, ఎండుమిర్చి, వెల్లుల్లి పోపు పెడితే మీ అమ్మ కూడా గోంగూర అనుకోవాల్సిందే. ఆకు మాత్రం విషం, కాడే తినాలి. నాటిన మొదటి ఏడు ఒక్క కాడ కూడా కొయ్యకూడదు, ఓపిక పట్టాలి.

నీకు ముందున్నవాళ్లు వదిలేసినవి ఉంటాయి, తొందరపడి పీకకు. రాస్ప్‌బెర్రీ కొమ్మలకు ఇప్పుడు కూడా పళ్లుంటే అది శరత్కాలపు రకం, ఫిబ్రవరిలో నేలమట్టానికి కొట్టెయ్యొచ్చు. పళ్లు లేకపోతే వేసవి రకం కావచ్చు, దాన్ని అలా కొడితే వచ్చే ఏడాది పళ్లుండవు. ఆపిల్ చెట్టుంటే కాయను అరచేతిలో పట్టి కాస్త పైకెత్తి తిప్పు. సులువుగా ఊడొస్తే పక్వానికి వచ్చినట్టు. దెబ్బ తగలనివాటిని కాగితంలో చుట్టి చల్లటి చోట దాచు, తగిలినవి ముందు తినెయ్యండి. పచ్చి టమాటాలు మంచు పడకముందే కోసుకొచ్చి పచ్చడి చెయ్యి. బంగాళాదుంపలు మిగిలి ఉంటే ఒక్కటి కూడా నేలలో ఉంచకు, వచ్చే ఏటి తెగులు వాటితోనే వస్తుంది.

కొత్త పళ్లచెట్లు కావాలంటే నవంబరు తరువాత వేళ్లకు మట్టి లేకుండా అమ్మేవి కొను, కుండీ మొక్కల కంటే చవక. కొనేముందు ఒప్పందం చదువు, కొన్ని చోట్ల పొట్టి రకాలే పెట్టనిస్తారు.

అక్టోబరు ఆఖరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి వెళతాయి. ఆ తరువాత ఆఫీసు నుంచి వచ్చేసరికి చీకటే, శని ఆదివారాలు తప్ప పని సాగదు. వెల్లుల్లి ఆలోపే నాటెయ్యి. కుళాయిలు కూడా చలికాలానికి కట్టేస్తారు, వాన నీటికి ఒక డ్రమ్ము పెట్టుకో.

మా రూబార్బ్ ఆకులు నవంబరులో పడిపోతాయి. అప్పుడు దుంప చీల్చి ఒక ముక్క తెస్తాం, మీ పెదనాన్న కారు నడుపుతానన్నారు. ఎండ తగిలే మూల చూసి రెండడుగుల గొయ్యి తవ్వించి, అడుగున ఎరువు వేసి ఉంచు.

ఆశీస్సులతో,
లెస్టర్ నుంచి పెద్దమ్మ